వరం అనొద్దు, పని అనండి

కిందటేడు ఒక విశ్వవిద్యాలయంలో జరిగిన సెమినార్‌లో నల్లజాతి స్త్రీల సంగీతం మీద పత్రం చదివాను. మధ్యలో 'అమేజింగ్ గ్రేస్' సినిమాలోంచి మూడు నిమిషాల ముక్క వేసి చూపించాను. అరెతా ఫ్రాంక్లిన్ పియానో ముందు కూర్చుని పాడుతూ ఉంటుంది. మొహమంతా చెమట. తుడుచుకుందామంటే రెండు చేతులూ పియానో మీదే ఉన్నాయి. అప్పుడు ఆమె తండ్రి లేచి వచ్చి, గుడ్డతో ఆమె మొహం తుడుస్తాడు. ఆమె పాట ఆపదు. పియానో ఆపదు.

ముక్క అయిపోయాక ఒక పెద్దాయన లేచారు. "అమ్మా, ఆ గొంతు దైవదత్తం. ఆ జాతికే ఉన్న వరం అది. విని ఆనందించాలి గానీ దానిమీద ఈ సిద్ధాంతాలన్నీ ఎందుకు?" అన్నారు. సభలో చాలామంది తలలూపారు. తలూపినవాళ్ళలో స్త్రీలు కూడా ఉన్నారు. తర్వాత భోజనాల దగ్గర ఒక యువ మిత్రుడు ఇంకో వైపు నుంచి పట్టుకున్నాడు. "కాన్సర్ట్ సినిమా అంటే మనం డబ్బిచ్చి చూసే అడ్వర్టైజ్‌మెంటే కదా మేడమ్! అందులో సంస్కృతి ఎక్కడుంది, పోరాటం ఎక్కడుంది?" అని అడిగాడు.

ఆ రోజు ఇద్దరికీ సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక అర్థమైంది, ఆ ఇద్దరూ ఒకరినొకరు వ్యతిరేకించుకుంటున్నట్టు కనిపించినా చేసింది ఒకే పని. ఆ చెమటని చూడ నిరాకరించారు. ఒకాయన ఆ పాటని ఆకాశానికి ఎత్తేశారు, ఇంకొకాయన బజార్లో పడేశారు. ఆకాశానికీ బజారుకీ మధ్య ఒక స్త్రీ కూర్చుని పని చేస్తోందన్న సంగతి ఇద్దరికీ పట్టలేదు. ఆ రోజు చెప్పలేని జవాబుని ఇక్కడ రాస్తున్నాను.

'వరం' అన్న మాట చాలా మర్యాదగా వినిపిస్తుంది. కానీ నల్లజాతివాళ్ళ విషయంలో ఆ మాటకో చరిత్ర ఉంది. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో తన ఆత్మకథ ప్రచురించాడు. బానిసలు పాడుకోవడాన్ని చూసి వాళ్ళు సంతోషంగా ఉన్నారని అనుకునే మనుషులు ఉత్తరాది రాష్ట్రాల్లో కనిపించినప్పుడు తనకెంత దిగ్భ్రాంతి కలిగిందో అందులో చెప్పాడు. పాట వాళ్ళకి సహజం, అది వాళ్ళ నెత్తురులోనే ఉంది అనుకుంటే యజమాని మనసుకి ఏ ఇబ్బందీ ఉండదు. సహజంగా వచ్చేదానికి కూలి ఇవ్వక్కర్లేదు. సహజంగా వచ్చేదానికి కర్త పేరు అడగక్కర్లేదు. చెట్టు కాయ కాసిందని చెట్టుకి ఎవరూ వేతనం ఇవ్వరు కదా! బానిసత్వం పోయినా ఆ వాదం పోలేదు. రికార్డు కంపెనీల కాలంలో అది ఇంకో రూపంలో బాగా పనికొచ్చింది.

అరెతా విషయానికే వద్దాం. 1972 జనవరి 13, 14 తేదీల్లో రెండు రాత్రుళ్ళు, లాస్ ఏంజెలెస్‌లోని న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్ట్ చర్చిలో ఆ పాటలు రికార్డు చేశారు. ఒకప్పుడు సినిమా హాలుగా ఉండి తర్వాత చర్చిగా మారిన కట్టడం అది. అప్పటికి ఆమెకి 29 ఏళ్ళు. అయితే ఆ 29 ఏళ్ళలో ఎన్నేళ్ళ పని ఉందో లెక్కేద్దాం. డెట్రాయిట్‌లో తండ్రి సి.ఎల్. ఫ్రాంక్లిన్ ప్రసంగించే చర్చిలో పాడుతూ పెరిగింది. పద్నాలుగేళ్ళకే, 1956లో, ఆమె పాడిన భక్తి గీతాలు రికార్డు అయ్యాయి. 1960 నుంచి ఆరేళ్ళు కొలంబియా కంపెనీలో పాడింది, పెద్ద గుర్తింపు రాలేదు. 1967లో అట్లాంటిక్ కంపెనీ నుంచి రికార్డులు మొదలయ్యాకే దేశమంతా ఆమె పేరు వింది. ఆమె పాడటమే కాదు, పియానో వాయిస్తుంది, పాట ఏ స్వరంలో ఎలా నడవాలో కూర్చుతుంది. 'అమేజింగ్ గ్రేస్' ఆల్బమ్‌కి నిర్మాతలుగా జెర్రీ వెక్స్‌లర్, ఆరిఫ్ మార్డిన్‌లతో పాటు ఆమె పేరు కూడా ఉంది. చర్చి, క్వయర్, గురువులు, విఫలమైన ఆరేళ్ళు, పియానో ముందు గడిపిన గంటలు, వీటన్నిటినీ కలిపి 'దైవదత్తం' అన్న ఒక్క మాట కింద పూడ్చేస్తే అది గౌరవం ఎలా అవుతుంది?

ఆ సినిమా గొప్పదనం ఏమిటంటే, అది ఆ మాటని పూడ్చిన చోటునే తవ్వుతుంది. తెర మీద వైర్లు కనిపిస్తాయి. కెమెరా పట్టుకుని అటూ ఇటూ పరిగెత్తేవాళ్ళు కనిపిస్తారు. దర్శకుడు సిడ్నీ పొలాక్ చేతులూపుతూ తన వాళ్ళకి సూచనలివ్వడం కనిపిస్తుంది. పాస్టర్ జేమ్స్ క్లీవ్‌లాండ్ ఇది రికార్డింగ్ అని సభకి మొదట్లోనే చెబుతాడు. అంటే ఇది ప్రార్థనా, పనీ రెండూ అని అక్కడున్న అందరికీ తెలుసు. సదరన్ కాలిఫోర్నియా కమ్యూనిటీ క్వయర్ వెనక కూర్చుని ఉంటుంది. పాట ఎక్కడ పైకి లేవాలో, ఎక్కడ ఆగాలో వాళ్ళకి చేతులతో చెబుతూ అలెగ్జాండర్ హామిల్టన్ ఒక్క క్షణం నిలకడగా ఉండడు. ఆమె 'అమేజింగ్ గ్రేస్' పాడుతున్నప్పుడు క్లీవ్‌లాండ్ పియానో వదిలి పక్కకెళ్ళి కూర్చుని, గుడ్డలో మొహం దాచుకుని ఏడుస్తాడు. ఎన్నో ఏళ్ళుగా ఆ సంగీతాన్ని తయారుచేస్తున్నవాడు, అందులోని ప్రతి కీలూ తెలిసినవాడు ఏడుస్తున్నాడు. పని అని తెలిస్తే పరవశం పోతుందనేవాళ్ళు ఆ దృశ్యం చూడాలి. పని ఎంతో తెలిసినవాడికే ఎక్కువ కన్నీళ్ళొచ్చాయి.

ఇంకో సంగతి కూడా స్త్రీవాదులుగా మనం గమనించాలి. సినిమా మొత్తంలో అరెతా మాట్లాడేది దాదాపు ఏమీ లేదు. ఆమె గురించి క్లీవ్‌లాండ్ మాట్లాడతాడు. రెండో రాత్రి ఆమె తండ్రి వేదిక దగ్గరికొచ్చి మాట్లాడతాడు. ఆమె కూర్చుని వింటుంది. మగవాళ్ళ మాటలు, ఆమె పని. ఆ గుడ్డతో చెమట తుడిచే దృశ్యం నాకెంతో ఇష్టం. అదే సమయంలో చాలా ఇబ్బంది కూడా పెడుతుంది. అందులో తండ్రి ప్రేమ ఉంది. తండ్రి అధికారం కూడా ఉంది. ఆమె మొహాన్ని అంతమంది ముందు ముట్టుకునే హక్కు తనకుందన్న ధీమా ఉంది. రెండింటినీ ఒకే చూపులో చూడగలగడమే విమర్శ అనుకుంటాను.

ఇక అసలు చిక్కు దగ్గరికి వస్తాను. ఆ సినిమా 1972లో రాలేదు. దాదాపు 20 గంటల ఫిల్మ్ తీశారు గానీ, బొమ్మనీ శబ్దాన్నీ జత చేయడానికి ప్రతి షాట్ ముందూ కొట్టవలసిన క్లాప్ బోర్డు కొట్టలేదు. ఏ బొమ్మకి ఏ శబ్దమో కుదరక అంతా డబ్బాల్లో పడి ఉంది. పాటల ఆల్బమ్ మాత్రం ఆ ఏడాదే వచ్చి ఆమె రికార్డులన్నిటిలోకీ ఎక్కువగా అమ్ముడుపోయింది. 2007లో అలన్ ఎలియట్ అనే నిర్మాత ఆ ఫిల్మ్ హక్కులు కొని, కొత్త సాంకేతికతతో బొమ్మనీ శబ్దాన్నీ కలిపాడు. అప్పుడు అరెతా అడ్డు చెప్పింది. 2011లో కోర్టుకెళ్ళింది. 2015లో కొలరాడోలోని టెల్యురైడ్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించబోతే మళ్ళీ కోర్టుకెళ్ళి ఆపించింది. నా అనుమతి లేకుండా నా రూపాన్ని చూపించి డబ్బు చేసుకోవడానికి వీల్లేదన్నది ఆమె వాదన సారాంశం. ఆమె 2018 ఆగస్టు 16న చనిపోయింది. ఆస్తి వ్యవహారాలు చూసే కుటుంబసభ్యులు ఒప్పుకున్నారు. మూడు నెలలు కూడా నిండకముందే, నవంబర్ 12న, న్యూయార్క్‌లో సినిమా మొదటిసారి చూపించారు.

ఆ సినిమాకి వచ్చిన సమీక్షలు చాలా చదివాను. క్లాప్ బోర్డు కొట్టడం మర్చిపోయిన సంగతిని విధి ఆడిన నాటకంలా, ముచ్చటగా రాస్తారు. ఆమె 'వద్దు' అన్న సంగతి మాత్రం పేరున్న గాయని పేచీ అన్నట్టు ఒక వాక్యంలో దాటేస్తారు. మగ దర్శకుడి బృందం చేసిన పొరపాటుకి ఒక కథ ఉంది. నల్లజాతి స్త్రీ నిరాకరణకి కథ లేదు. పనిచేసిన మనిషి తన పని ఫలితం ఎవరి చేతుల్లోకి వెళుతుందో నిర్ణయించుకోవడాన్ని ఫ్యాక్టరీలో అయితే హక్కు అంటాం. గాయని విషయంలో పొగరు అంటాం. వరం అనుకున్నప్పుడు వచ్చే చిక్కే ఇది. దేవుడిచ్చినదాన్ని నీ సొంతం అనడానికి నువ్వెవరు అని అడగొచ్చు. ప్రపంచానికి చెందినదాన్ని దాచుకోవడానికి నీకేం హక్కని నిలదీయొచ్చు.

నేనూ ఆ సినిమా చూశాను. ఒకసారి కాదు, చాలాసార్లు. నా పత్రంలో వాడుకున్నాను. ఆమె వద్దన్నదాన్ని, ఆమె పోయాక చూసి, దానిమీద పత్రం చదివి, సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. కాబట్టి ఈ వ్యాసంలో నేను న్యాయమూర్తి స్థానంలో లేను. ఆ సినిమాని ఎవరూ చూడొద్దని కూడా అనను. చూసేవాళ్ళూ, బోధించేవాళ్ళూ, రాసేవాళ్ళూ ఆ నిరాకరణని కూడా సినిమాలో భాగంగా చదవాలంటాను. 1972లో ఆమె పాడిన పాట ఎంత ఆమె పనో, 2015లో ఆమె చెప్పిన 'వద్దు' అన్న మాట కూడా అంతే ఆమె పని.

ఒక్క గాయని కథలోంచి ఒక మొత్తం పేటలోకి వెళితే ఇదే ప్రశ్న ఇంకా పెద్దదవుతుంది. 1969 వేసవిలో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో, మౌంట్ మోరిస్ పార్కులో, ఆరు ఆదివారాలు ఉచితంగా సంగీతోత్సవం జరిగింది. టోనీ లారెన్స్ అనే గాయకుడు దాన్ని నిర్వహించాడు. నీనా సిమోన్, మహాలియా జాక్సన్, గ్లాడిస్ నైట్, స్టీవీ వండర్ పాడారు. మొత్తం మూడు లక్షలమంది దాకా వచ్చారని అంచనా. హాల్ టుల్చిన్ అనే దర్శకుడు వీడియో కెమెరాలతో దాదాపు 40 గంటలు చిత్రీకరించాడు. అప్పట్లో టీవీలో కొంత వచ్చింది. మిగతాది కొనేవాళ్ళు లేక దాదాపు యాభై ఏళ్ళు ఆయన ఇంటి నేలమాళిగలో ఉండిపోయింది. అదే వేసవిలో, అదే రాష్ట్రంలో జరిగిన వుడ్‌స్టాక్ మీద సినిమా మరుసటి ఏడాదే వచ్చింది, ఆస్కార్ తెచ్చుకుంది, ఆ తరానికే గుర్తుగా నిలిచిపోయింది. హార్లెమ్ టేపులని అహ్మీర్ 'క్వెస్ట్‌లవ్' థాంప్సన్ 'సమ్మర్ ఆఫ్ సోల్' సినిమాగా తెచ్చింది 2021లో. 2022లో దానికి ఉత్తమ డాక్యుమెంటరీ ఆస్కార్ వచ్చింది. ఆ ఉత్సవంలో చిన్నపిల్లాడిగా కూర్చున్న ఒకాయన, ఇప్పుడు పెద్దవాడై, ఆ దృశ్యాలు చూస్తూ కంటతడి పెట్టుకుంటాడు. తన జ్ఞాపకం కల కాదని ఆయనకి రుజువు దొరికింది. ఒక జాతి సంస్కృతిని అణచడానికి దాన్ని నిషేధించక్కర్లేదు. కొనకుండా ఉంటే చాలు.

ఆ సినిమాలో నేను పదే పదే వెనక్కి తిప్పి చూసే చోటు ఒకటుంది. మహాలియా జాక్సన్‌కి ఆ రోజు ఒంట్లో బాగాలేదు. తనకి సాయంగా పాడమని మేవిస్ స్టేపుల్స్‌ని అడుగుతుంది. మేవిస్ అప్పటికి ముప్పై ఏళ్ళ మనిషి, మహాలియా పాటలు వింటూ పెరిగింది. మొదట చిన్నామె పాడుతుంది, తర్వాత పెద్దామె అందుకుంటుంది, మైకు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతుంది. ఒకరు అలిసిపోతే ఇంకొకరు బరువు ఎత్తుకోవడం అది. ప్రతిభ గురించి మాట్లాడే విమర్శకి ఆ దృశ్యంలో 'ఎవరు బాగా పాడారు' అన్న ప్రశ్నే దొరుకుతుంది. శ్రమ గురించి మాట్లాడే విమర్శకి పని ఎలా చేతులు మారుతుందో, స్త్రీల మధ్య విద్య ఎలా నడుస్తుందో కనబడుతుంది.

'వాట్‌స్టాక్స్' కూడా ఈ వరసలోదే. 1965 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ ప్రాంతం తిరగబడింది. దానికి గుర్తుగా ఏడేళ్ళ తర్వాత, 1972 ఆగస్టు 20న, స్టాక్స్ రికార్డు కంపెనీ అక్కడి కొలీజియం స్టేడియంలో కచేరీ పెట్టింది. టిక్కెట్టు ఒక్క డాలర్. లక్షమందికి పైగా వచ్చారు. 1973లో వచ్చిన సినిమాలో వేదిక ఎంత ఉంటుందో మంగలి షాపూ, కాఫీ హోటలూ, వీధి మూలా అంత ఉంటాయి. పనీ ఉద్యోగం, ఆడా మగా, పోలీసులు, దేవుడు అన్నిటి గురించీ మామూలు మనుషులు మాట్లాడుతుంటారు. పాట ఎక్కడి నుంచి వచ్చిందో చూపించాకే పాట దగ్గరికి తీసుకెళతాడు దర్శకుడు మెల్ స్టూవర్ట్. అయితే ఆ సినిమాలో కూడా ఆస్తి తన పని తాను చేసింది. ఐజక్ హేస్ తాను కట్టిన 'షాఫ్ట్' సినిమా పాటని తానే ఆ వేదిక మీద పాడాడు. దాని హక్కులు ఒక స్టూడియో దగ్గర ఉండటంతో ఆ భాగాన్ని సినిమాలోంచి తీసేయవలసి వచ్చింది. తన పాట, తన గొంతు, తన జనం. కాగితం మాత్రం ఇంకొకరిది.

ఇప్పుడు నా యువ మిత్రుడి ప్రశ్న. ఆయన మనసులో ఉన్నది బియాన్సే సినిమా అని నాకు తెలుసు. 2018 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో జరిగే కోచెల్లా ఉత్సవంలో ఆమె రెండు శనివారాలు ప్రదర్శన ఇచ్చింది. 1999లో మొదలైన ఆ ఉత్సవంలో ప్రధాన ప్రదర్శన ఇచ్చిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమె. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'హోమ్‌కమింగ్' ఆ ప్రదర్శన మీద తీసిన సినిమా. తెల్లవాళ్ళ కళాశాలలు రానివ్వని కాలంలో నల్లజాతివాళ్ళ చదువు కోసం ఏర్పడిన విద్యాసంస్థలూ, వాటి మార్చింగ్ బ్యాండ్‌లూ, వాటి పూర్వవిద్యార్థుల పండగలూ ఆ ప్రదర్శనకి మూలం. డబ్బున్న తెల్లజాతి యువత ఎక్కువగా వచ్చే చోట ఆమె ఆ సంస్కృతిని ఏ వివరణా ఇవ్వకుండా తెచ్చి నిలబెట్టింది.

ఇదంతా సరుకే కదా అన్న వాదనని తేలిగ్గా తీసెయ్యను. ఆ మాట అన్నవాళ్ళలో బెల్ హుక్స్ ఉంది. బియాన్సే 'లెమనేడ్' ఆల్బమ్ మీద 2016లో రాసిన వ్యాసంలో, నల్లజాతి స్త్రీ దేహాన్ని అందంగా అమ్మడం విముక్తి అవుతుందా అని ఆమె నిలదీసింది. 2021లో మనల్ని వదిలి వెళ్ళిపోయిన ఆ మనిషి దగ్గర మనమంతా పాఠాలు నేర్చుకున్నాం. అయినా ఇక్కడ ఆమెతో కొంత తగవు పడతాను. సరుకు అన్న మాట దగ్గర ఆగిపోతే, సరుకుని తయారుచేసినవాళ్ళు మళ్ళీ కనిపించకుండా పోతారు. సరుకు వెనక శ్రమ ఉంటుందని మనకి నేర్పిన రాజకీయాలే, నల్లజాతి స్త్రీల పాట దగ్గరకొచ్చేసరికి ఆ పాఠం మర్చిపోతే ఎలా?

'హోమ్‌కమింగ్'లో ఒక చిన్న విషయం చూడండి. మొదటి వారం ఆమె, బృందం పసుపు రంగు దుస్తులు వేసుకున్నారు. రెండో వారం గులాబీ రంగు. సినిమాలో ఒక అడుగు పసుపులో మొదలై గులాబీలో పూర్తవుతుంది. చెయ్యి లేచేటప్పుడు ఒక రంగు, దిగేటప్పుడు ఇంకో రంగు. వారం తేడాతో చేసిన రెండు ప్రదర్శనలు అంగుళం తేడా లేకుండా అతుక్కుంటాయి. వేదిక మీద దాదాపు రెండువందలమంది ఉన్నారని గుర్తుంచుకోండి. వరం అలా రెండుసార్లు ఒకే కొలతకి రాదు. అలా వచ్చేది అభ్యాసం ఒక్కటే. నాలుగు నెలలు సంగీతబృందంతో, తర్వాత నాలుగు నెలలు నాట్యబృందంతో సాధన చేశామని ఆమె సినిమాలోనే చెబుతుంది. ఆ ఒక్క కత్తిరింపులో ఆ ఎనిమిది నెలలూ కనిపిస్తాయి. ఏ పెద్దాయనైనా దైవదత్తం అంటే, నేను ఇకమీదట ఆ కత్తిరింపు చూపించి ఊరుకుంటాను.

అయితే అదే సినిమాలో నాకు ఊపిరాడని చోటూ ఉంది. ఆమె 2017 జూన్‌లో కవలల్ని కన్నది. గర్భంలో ఉండగా రక్తపోటు ప్రమాద స్థాయికి వెళ్ళింది, అత్యవసరంగా సిజేరియన్ చేయవలసి వచ్చింది. కాన్పు రోజు తన బరువు 218 పౌండ్లు, అంటే దాదాపు 99 కిలోలు, అని చెబుతుంది. మళ్ళీ వేదికకి తగ్గట్టు తయారవడానికి రొట్టె, పంచదార, పాలు, మాంసం, చేప అన్నీ మానేశానని చెప్పి, ఆకలేస్తోందంటుంది. సాధన మధ్యలో పిల్లల దగ్గరకి పరిగెడుతుంది. ఈ భాగాన్ని మెచ్చుకుంటూ మనలో చాలామంది 'అంకితభావం' అన్నారు. బాలింత ఆకలిని మనం ఎప్పటినుంచి అంకితభావం అనడం మొదలుపెట్టాం? శ్రమని గౌరవించడమంటే శ్రమకి హద్దు ఉండాలని కూడా అడగడం. ఇంకెప్పుడూ నన్ను నేను అంతదూరం తోసుకోను అని ఆమె ఆ సినిమాలోనే అంటుంది. ఆమె గీసుకున్న ఆ హద్దుని అభిమానులుగా మనం దాటేసి చప్పట్లు కొడుతున్నాం. వరం అన్న మాట పనిని దాచేస్తే, అంకితభావం అన్న మాట పని చేసే దేహాన్ని దాచేస్తుంది. ఒక మాట వదిలి ఇంకో మాట పట్టుకుంటే చాలదు.

యజమాని సంగతి కూడా అడగాలి. ఆ సినిమాకి దర్శకత్వంలో, నిర్మాణంలో ఆమె పేరు ఉంది. అరెతాకి దక్కని అధికారం ఆమెకి దక్కింది. అది చిన్న విషయం కాదు. అంత అధికారం ఉన్నా ఏమవుతుందో 2023లో వచ్చిన 'రెనెసాన్స్' సినిమాలో కనిపిస్తుంది. కెమెరాకి సంబంధించిన ఒక పరికరం కావాలని ఆమె అడిగితే అలాంటిది లేదంటారు. ఆమె వెతికి, ఉందని చూపించాక ఒప్పుకుంటారు. నల్లజాతి స్త్రీగా ప్రతి చిన్నదానికీ పోట్లాడవలసి వస్తుందని ఆమె అక్కడ వాపోతుంది. ప్రపంచంలోనే అంత పేరున్న మనిషి మాటే వినకపోతే, ఆమె వెనక డోలు మోగించే అమ్మాయి మాట ఎవరు వింటారు? ఆ రెండువందలమందిలో మన సమీక్షలు ఎంతమంది పేర్లు రాశాయి? సినిమా చివర పేర్లు పడతాయి. అప్పటికే మనం లేచి వెళ్ళిపోతాం.

పేరు ఎంత పెద్ద విషయమో డార్లీన్ లవ్‌ని అడగాలి. 1962లో ఆమె పాడిన 'హీజ్ ఎ రెబెల్' అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది. రికార్డు మీద మాత్రం 'ద క్రిస్టల్స్' అనే ఇంకో బృందం పేరు వేశారు. 1980ల మొదట్లో ఆమె ఇళ్ళు శుభ్రం చేసే పనికి వెళ్ళింది. అలా పనిచేస్తున్న ఒక ఇంట్లో రేడియోలో తన పాటే వినబడిందని ఆమె చెప్పింది. వెనక నిలబడి పాడేవాళ్ళ మీద 2013లో వచ్చిన 'ట్వంటీ ఫీట్ ఫ్రమ్ స్టార్‌డమ్' డాక్యుమెంటరీలో ఆమె కథ ఉంది. ఒకే గొంతు రేడియోలో వరం అయింది, ఇంట్లో పనిమనిషి అయింది. వరానికి అద్దె కట్టుకోవడానికి డబ్బు రాదు.

మనం నల్లజాతి సాహిత్యాన్ని చాలాకాలంగా చదువుతున్నాం. ఆలిస్ వాకర్, టోనీ మారిసన్ మన స్త్రీవాద, దళిత స్త్రీవాద చర్చల్లో ఇంటి మనుషులైపోయారు. కానీ నల్లజాతి స్త్రీలు రాస్తే 'రచన' అని చదువుతాం, పాడితే 'గొంతు' అని వింటాం. ఏంజెలా డేవిస్ 1998లో మా రైనీ, బెస్సీ స్మిత్, బిల్లీ హాలిడేల మీద పుస్తకం తెచ్చినప్పుడు, మా రైనీ, బెస్సీ స్మిత్‌ల రికార్డులు విని విని ఆ పాటల మాటల్ని కాగితం మీద ఎక్కించింది. శ్రామిక నల్లజాతి స్త్రీల ఆలోచన పుస్తకాల్లో కన్నా ముందు ఆ పాటల్లో ఉందని చూపించడానికి ఆమెకి అంత వినికిడి పని అవసరమైంది. కాన్సర్ట్ సినిమాలకి మనం అలాంటి చదువు ఎప్పుడిస్తాం?

ఈ చెవి మనకి ఎక్కడిదో వెతుక్కోవడానికి దూరం వెళ్ళక్కర్లేదు. నాట్లేస్తూ పాడే ఆడవాళ్ళ పాటల్ని 'సహజ సుందరం' అంటూ ముందుమాటలు రాశాం. చాలా సంకలనాల్లో సేకరించినవారి పేరు అట్ట మీద ఉంటుంది, పాడినామె పేరు లోపలైనా ఉండదు. రాసే స్త్రీలుగా మనకీ ఈ మెప్పు అనుభవమే. 'మీకు రాయడం సహజంగా వచ్చేస్తుందండీ' అన్నవాళ్ళు, అందరూ పడుకున్నాక తెల్లారేదాకా కొట్టేసి రాసుకున్న పేజీల్ని చూడరు. ఆ మెప్పు పుచ్చుకుని నవ్వి ఊరుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ రోజు సెమినార్‌లో జవాబు రాకపోవడానికి అదీ ఒక కారణమేమో.

అందుకే ఇకమీదట ఏ కాన్సర్ట్ సినిమా చూసినా మూడు ప్రశ్నలు వేసుకోవాలనుకుంటున్నాను. ఇక్కడ పని ఎవరు చేస్తున్నారు? ఆ పని మీద ఎవరి పేరు ఉంది? వద్దు అనగలిగే హక్కు ఎవరికి ఉంది? ఈ మూడింటికీ జవాబు వెతకనిచ్చే సినిమా నల్లజాతి సంస్కృతికి పండగ చేసినట్టు. వెతకనివ్వని సినిమా ఎంత అందంగా ఉన్నా, ఆ సంస్కృతిని వాడుకున్నట్టు.

వచ్చే నెల మా విద్యార్థులకి ఆ మూడు నిమిషాల ముక్క మళ్ళీ చూపించబోతున్నాను. ఈసారి ముందుగా ఏమీ చెప్పను. తండ్రి గుడ్డ పట్టుకుని లేచే క్షణంలో బొమ్మ ఆపి, ఆ గదిలో జరుగుతున్న పనులన్నీ కాగితం మీద రాయమంటాను. పాడుతున్న పని, పియానో వాయిస్తున్న పని, క్వయర్‌ని నడిపిస్తున్న పని, క్వయర్‌లో తన వంతు కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్న పని, డ్రమ్ముల పని, వైర్లు లాగే పని, చెమట తుడిచే పని. పక్కన ఎవరి పేరు తెలిస్తే వాళ్ళ పేరు రాయమంటాను. పేరు తెలియనిచోట ఖాళీ వదలమంటాను. ఆ ఖాళీల నుంచే మా క్లాసు మొదలవుతుంది.